కాక ‘చాలు’ అన్నాడు

మోటారు మోత మారింది. నా వేలు ఇంకా స్విచ్ మీదే ఉంది. బురదనీళ్లు లాగే మోటారు ఎలా మోగుతుందో పొద్దుటి నుంచీ వింటూనే ఉన్నాను, గరగరమంటూ, మధ్యమధ్య గుటకలు వేస్తూ. ఇది ఆ మోత కాదు. మెత్తటిదేదో చుట్టుకుని బిగుసుకుంటున్న మోత. కిటికీ అవతల నల్లటి నీళ్లు రెండు నిలువులు పైకి లేచి మేడ మీద ఆరేసిన బట్టల మీద పడ్డాయి. ఆ నీళ్లు కిందికి జారేలోపే, చెయ్యకూడనిదేదో చేశానని నాకు తెలిసిపోయింది. పక్కన నా కూతురు నా వేలి వైపే చూస్తోంది.

అప్పుడు కాక అరిచాడు.

అది నాలుగేళ్ల కిందటి మాట. ఆయన పోయాడని ఈ సాయంత్రం తెలిసింది. రెండేళ్లుగా కిమ్ అనే ఊళ్లో కూతురి దగ్గర ఉంటున్నాడు. సూరత్ ఉధ్నాలో మా గల్లీకి ఆ కబురు తెచ్చిన మనిషి గుమ్మంలోనే నిలబడి నాలుగు ముక్కలు చెప్పి వెళ్లిపోయాడు. పిల్లలు పడుకున్నారు, నాకు నిద్ర పట్టక ఇది రాస్తున్నాను. ఆయన పేరు రాయను. గల్లీలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లూ లేరు. మనవాళ్లకు కాక, గుజరాతీవాళ్లకు కూడా కాకే.

తలుపు తట్టడం కాకకు రాదు. గుద్దేవాడు. గడియ ఎగిరిపడేది, ఉయ్యాలలో బాబు ఉలిక్కిపడి ఏడ్చేవాడు. బెల్లు ఉంది కాకా అని ఎన్నిసార్లు చూపించినా, అది మోగిందో లేదో నాకేం ఎరుక అనేవాడు. నలభై ఏళ్లు మరమగ్గాల మధ్య నిలబడిన చెవులు. పక్కన పిడుగు పడ్డా ఆయనకు గాలి వీచినట్టే ఉండేదనుకుంటాను. మనం మాట్లాడుతుంటే మన పెదాల మీదే చూపు ఉండేది. కొత్త కోడలిగా వచ్చినప్పుడు ఆ చూపు నాకు నచ్చలేదు. ఆరు నెలలకు గానీ ఆయన చూస్తున్నది నన్ను కాదని, మాటనని అర్థం కాలేదు.

చెవులు పోయాక చేతులతో వినడం నేర్చుకున్నాడు. నీళ్ల మోటారు మీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకునేవాడు. ఎక్కడ బోల్టు వదులైందో చెప్పేవాడు. ఆ తర్వాత దాన్ని కొట్టేవాడు. కూలరును, స్కూటరును, మా ఇంటి గ్యాస్ పొయ్యిని కూడా. “గిది మాటతోని ఇనేటిది కాదు బిడ్డా” అంటూ పిడికిలితో ఒక్కటి వేస్తే, ఆశ్చర్యంగా సగం సార్లు అది పని చేసేది. మిగతా సగం సార్లు విరిగిపోయేది. విరిగినప్పుడు కూడా ఆయనకు తృప్తిగానే ఉండేది.

మనుషులతో కూడా అంతే. వీపు మీద చరిచి పలకరిస్తే మా ఆయన ముందుకు తూలేవాడు. బాబును పైకెగరేసి పట్టుకునేవాడు. వాడికి అది స్వర్గం, నాకు గుండె ఆగినంత పని. తలుపు మీద మొదటి గుద్దు పడగానే నేను పరుగెత్తి సీలింగ్ ఫ్యాను ఆపేసేదాన్ని. ఎండాకాలంలో కూడా చెమటలు కక్కుతూ కూర్చునేవాళ్లం, కాక వెళ్లిపోయేదాకా. ఫ్యాను ఎందుకు ఆపుతున్నానో ఆయన ఎప్పుడూ అడగలేదు. ఆ ఇంట్లో కరెంటు ఎక్కువ పోతుందని అందరికీ చెప్పేవాడట.

ఆయనకు పై వరసలో ముందు పళ్లు నాలుగు లేవు. నాడె తిన్నది అనేవాడు. నాడె అంటే మగ్గంలో నూలు మోసుకుని అటూ ఇటూ పరుగెత్తే కొయ్యముక్క, రెండు కొసలా ఇనుప మొన. ఒకరోజు అది మగ్గం వదిలి ఎగిరి ఆయన మూతి మీదికి వచ్చింది. పళ్లు చేతిలోకి ఉమ్మేసి, జేబులో వేసుకుని, నోట్లో గుడ్డ కుక్కుకుని పాళీ, అంటే షిఫ్టు, అయ్యేదాకా మగ్గం నడిపించాడట. ఆ నాడెను ఇంటికి తెచ్చుకున్నాడు. అలమారులో దేవుడి పటం పక్కన ఉండేది. “ఇద్దరం కొట్టుకున్నం. అది గెల్చింది” అని నా పిల్లలకు దాని మొన తాకించి చూపించేవాడు. వద్దు కాకా, గుచ్చుకుంటుంది అని నేను వెనకనుంచి అంటే ఆయనకు వినపడదు కదా.

ఒక మధ్యాహ్నం మా ఇంట్లో గోడకు ఆనుకుని టీ తాగుతున్నాడు. ఉన్నట్టుండి గ్లాసు కింద పెట్టి అరచెయ్యి గోడకు ఆనించాడు. పై అంతస్తులో కొత్తగా అద్దెకు వచ్చినవాడు పెళ్లాన్ని కొడుతున్నాడు. కేకలు నాకు అరగంట నుంచీ వినపడుతున్నాయి. నేను టీవీ శబ్దం పెంచాను, పిల్లలు వినకూడదని. కాకకు ఆ కేకలు వినపడలేదు. ఆమె తల గోడకు తగిలిన దెబ్బలు ఆయన చేతికి తెలిశాయి. లేచి పైకి వెళ్లాడు. వాణ్ని జుట్టు పట్టి మెట్ల మీదుగా ఈడ్చుకొచ్చాడు. ప్రతి మెట్టుకూ వాడి మోకాళ్లు కొట్టుకుంటూ వచ్చాయి. గల్లీ నడుమ పడేసి ముక్కు పగిలేదాకా కొట్టి, అప్పుడు అడిగాడు, ఏమైందిరా అని.

ముందు అడగొచ్చు కదా కాకా అన్నాను, చేతులు కడుక్కోవడానికి నీళ్లు పోస్తూ. ఒకసారి ఇలాగే తొందరపడి, దొంగ అనుకుని గ్యాస్ సిలిండర్ తెచ్చినవాణ్ని కొట్టాడు మరి.

“అడుగుతే వాడు చెప్పేది నాకు ఇనవడదు గద బిడ్డా” అన్నాడు.

ఇక ‘చాలు’ అనే మాట సంగతి చెప్పాలి. సూరత్‌లో చాలూ అంటే నడుస్తున్నదని, మొదలుపెట్టమని. మగ్గం చాలూ, దుకాణం చాలూ, ఫ్యాను చాలూ. మన చాలు వేరే. కానీ ఇక్కడ పెరిగే పిల్లలకు మొదట వచ్చేది వాళ్ల చాలూనే. మా అత్తమ్మ ఊరి నుంచి వచ్చినప్పుడు అమ్మాయి టీవీ చాలు చెయ్ నానమ్మా అంటే, పాపం ఆమె ఇక చాలనుకుని ఆపేసేది. అమ్మాయి ఏడిచేది. “బంద్ చేస్తే ఏడుస్తది, మరి చాలు అననే వట్టె” అని ఆమె గల్లీ అంతా చెప్పుకుని నవ్వింది.

రెండు మాటల్లోనూ తేడా లేకపోలేదు. మన చాలులో చ పళ్ల దగ్గర పలుకుతుంది, వాళ్లది అంగిలి దగ్గర. కాక నోట్లో మాత్రం ఆ తేడా లేదు. పళ్లు నాడె తినేసింది. మా ఇంట్లో అన్నం తింటూ కంచం మీద చెయ్యి అడ్డం పెట్టి చాలన్నా, కార్ఖానాలో మగ్గం నడపమని చాలూ అన్నా ఒకేలా వినపడేది. కంచం ఎదురుగా ఉంటే ఏ చాలో తెలుస్తుంది. గోడ అడ్డముంటే తెలియదు.

అది వానలకు ముందు ఒక ఆదివారం. మూడు వారాలుగా గల్లీలో గటర్, అంటే మురుగు లైను, పొంగుతోంది. లోపలి లైను మాదే కాబట్టి మేమే బాగు చేసుకోవాలి. అడ్డం పడినవి చిందీలని అందరికీ తెలుసు, అంటే చీరల అంచులు కత్తిరించిన పీలికలు. గల్లీలో సగం ఇళ్లలో ఆడవాళ్లం చీరలు కత్తిరించే పని చేస్తాం. బాత్రూములో పడిన చిందీని వంగి తీసే ఓపిక మాలో ఎవరికీ లేదు, నాతో సహా.

మ్యాన్‌హోల్ చాంబర్‌లోకి ఎవరూ దిగకూడదని ముందే అనుకున్నారు. ఆ గాలి పీల్చి పోయినవాళ్ల సంగతి ఎవరికి తెలియదు? అందుకని దాని పక్కన ఛాతీ లోతు గుంత తవ్వి, ఊరుతున్న మురికినీటిని పంపుతో తోడి, పగిలిన పైపు మార్చాలి. పంపు అద్దెకు తెచ్చారు. దానితో పాటు ఒక మనిషి వచ్చాడు. ఒడిశా ఆయన, మా ఆయన వయసే ఉంటుంది, మందపాటి కళ్లద్దాలు. కరెంటు మా ఇంట్లోంచి. వైరు కిటికీలోంచి లోపలికి తెచ్చి వంటగది పక్కన బోర్డుకు తగిలించారు. ఆ మనిషి కిటికీ దగ్గరికి వచ్చి మర్యాదగా హిందీలో చెప్పాడు: భాభీ, కాక చాలూ అంటే నొక్కండి, బంద్ అంటే ఆపండి. రెండే మాటలు.

పొద్దున్నుంచి పదిహేను సార్లయినా నొక్కి ఉంటాను. చాలూ, బంద్. చాలూ, బంద్. కాక గుంతలో నడుము దాకా ఆ నీళ్లలో నిలబడి, పంపు మీద చెయ్యి వేసి వింటూ పని నడిపిస్తున్నాడు. ఆ వయసులో ఎందుకు దిగావు కాకా అంటే, మీ పోరగాండ్లకు ముక్కులున్నయి, నాకు చెవులు లేవు, నయమే గద అన్నాడట.

పదకొండు గంటలకు పంపు నోట్లో చిందీలు ఇరుక్కున్నాయి. కాక బంద్ అన్నాడు. ఆపాను. పంపు మూత విప్పి లోపలి రెక్కలకు చుట్టుకున్న పీలికలను చేత్తో విడదీస్తున్నాడు. పైనుంచి మా ఆయన ఒక కొస పట్టుకుని లాగుతున్నాడు. గులాబీ రంగువి, పచ్చవి, జరీవి, ఒకదానికొకటి పెనవేసుకుని తాడులా వస్తూనే ఉన్నాయి. కాకా, చీరె కట్టుకుంటవా ఏంది అని ఎవరో అంటే గల్లీ అంతా నవ్వింది. మా ఆయన నవ్వుతూ ఇంకా గట్టిగా లాగాడు. ఆ తాడు కాక మణికట్టుకు చుట్టుకుని బిగిసింది. చెయ్యి పంపు నోట్లోనే ఉంది. ఇక లాగొద్దని మా ఆయనకు చెప్పాడు.

“చాలు! చాలు!”

నేను వంటింట్లో ఉన్నాను. పొయ్యి మీద పప్పు, కాళ్లకు చుట్టుకుని బాబు. కిటికీ దగ్గర అమ్మాయి. మాట వినపడింది. చెయ్యి చాపి నొక్కాను. అది తెలుగులో అన్నాడేమోనని నాకు తట్టనే లేదు. కరీంనగర్ దగ్గర అమ్మమ్మ ఇంట్లో తెలుగులోనే పదో తరగతి దాకా చదివినదాన్ని. పెళ్లికి మూడేళ్ల ముందే సూరత్ వచ్చాను. ఆ పన్నెండేళ్లలో నా చెవి మారిపోయింది, నాకు చెప్పకుండా.

మూడు సెకన్లు. మహా అయితే నాలుగు. ఆపింది కూడా నేనే.

మూత లేని పంపు లోపలున్న మురికినంతా పైకి చిమ్మింది. గుంత చుట్టూ ఉన్నవాళ్లందరి ముఖాలూ నల్లగా అయిపోయాయి, కళ్లు కనపడక కేకలు. పైపు తెగి పాములా కొట్టుకుంటూ ఒకరి మోకాలు విరిచినంత పని చేసింది. ఆ నలుపులో ఎరుపు కనపడటానికి కాస్త సమయం పట్టింది. కాక కుడిచెయ్యి బయటికి తీశాడు. రెండు వేళ్లు లేవు. మూడోది తోలుకు వేలాడుతోంది.

పంపు మనిషి అప్పుడే మా కిటికీ దగ్గర నుంచి గుంత వైపు నడుస్తున్నాడు, వైరు అతుకు చూసుకుని. వీడే వేసిండు అని ఎవరో అన్నారు. ఆ మాట ఎవరిదో నాకు ఇప్పటికీ తెలియదు. మొదటి దెబ్బ ఎవరిదో మాత్రం తెలుసు. మా ఆయనది. పెళ్లయిన తొమ్మిదేళ్లలో ఆయన ఎవరి మీదా చెయ్యెత్తడం నేను చూడలేదు. కళ్లలో మురికి మండుతుంటే, చేతికి అందిన కొత్త పైపు ముక్క తీసి ఆ మనిషి చెవి మీద కొట్టాడు. కళ్లద్దాలు ఎగిరిపోయాయి. ఆ తర్వాత అందరూ. పారకట్టెతో ఒకరు, కాళ్లతో ఇద్దరు ముగ్గురు. నేను నొక్కలేదు, నేను నొక్కలేదు అని హిందీలో అంటున్నాడు. పడిపోయాక నోట్లోకి బురద పోయి ఆ మాట కూడా ఆగింది. ఒక్కసారి తల ఎత్తి మా కిటికీ వైపు చూశాడు. కళ్లద్దాలు లేవు, నేను కనపడ్డానో లేదో. భాభీ అనలేదు. ఎందుకనలేదో.

నేను గ్రిల్ పట్టుకుని నిలబడ్డాను. ఆపండి అంటే సరిపోయేది. నా నోరు తెరుచుకునే ఉంది కూడా. పొయ్యి మీద పప్పు మాడుతున్న వాసన వస్తోంది. పొయ్యి కట్టేయాలి అనుకోవడం గుర్తుంది నాకు. ఒక మనిషిని చంపుతుంటే నేను పప్పు గురించి ఆలోచించాను.

కాక గుంతలోంచి ఎలా ఎక్కి వచ్చాడో చూడలేదు. గుంపులో దూరి మొదట ఒకణ్ని మెడ పట్టి విసిరేశాడు. ఇంకొకడి పొట్టలో తన్నాడు. మా ఆయన పైపు మళ్లీ ఎత్తాడు. కాక ఆ తెగిన చేత్తోనే ఆయన చెంప మీద కొట్టాడు. దెబ్బ చప్పుడు రాలేదు, తడిగుడ్డ గోడకు తగిలినట్టు వచ్చింది. మా ఆయన ముఖం సగం ఎర్రబడిపోయింది.

“ఎవన్ని కొడ్తున్నవ్‌రా? నేనే అన్న. చాలు అని నేనే అన్న.”

గల్లీ ఆగిపోయింది. మళ్లీ అందరికీ అర్థమయ్యేలా హిందీలో కూడా అన్నాడు, మైనే బోలా చాలూ. అప్పుడు కింద కూర్చున్నాడు, పంపు మనిషి తల తన తొడ మీదికి లాక్కుని. నేను గ్రిల్‌లోంచి విసిరిన తువ్వాలు చేతికి చుట్టుకుంటూ మా ఆయనతో, గా చిందీలల్ల నా ఏళ్లేమన్న ఉన్నయేమో జర చూడు అన్నాడు. మా ఆయన నిజంగానే గుంతలోకి దిగి వెతికాడు.

ఇద్దరినీ ఒకే టెంపోలో ఆసుపత్రికి తీసుకుపోయారు. పంపు మనిషికి తలలో కుట్లు పడ్డాయి, ఒక చెవి వినపడటం మానేసింది. వారానికి ఊరికి వెళ్లిపోయాడని షాపువాళ్లు చెప్పారు. మళ్లీ చూడలేదు. గల్లీలో అందరూ కాక పొరపాటున చాలూ అన్నాడనే నమ్మారు. ముసలాడికి మతి తప్పుతోంది అని కూడా అన్నారు. కిమ్‌కు వెళ్లేదాకా రెండేళ్ల పాటు ఆయన అది విన్నాడు. విన్నాడంటే, పెదాల మీద చూశాడు.

నాలుగో రోజు నేను అన్నం, చారు పట్టుకుని ఆసుపత్రికి వెళ్లాను. ఎడమచేత్తో తింటున్నాడు, మెతుకులు ఒళ్లో పడుతున్నాయి. మంచం ఎదురుగా నిలబడ్డాను, నా పెదాలు ఆయనకు బాగా కనపడేలా. స్విచ్ వేసింది నేను కాకా, నువ్వు అన్నది మన చాలు, నేను విన్నది వాళ్లది అని మొదలుపెట్టాను. ఆయన ముద్ద చేతిలోనే పట్టుకుని కళ్లు మూసుకున్నాడు.

మనం చెప్పేది వినొద్దనుకుంటే ఆయన చెయ్యగలిగింది అదొక్కటే. నేను చెబుతూనే ఉన్నాను. పక్క మంచం వాళ్లు చూస్తున్నారు. నేను మాటలాపి ఏడుస్తున్నా కళ్లు తెరవలేదు. ఎంతసేపటికో ఒక కన్ను తెరిచి నా మూతి కదలడం లేదని చూసుకున్నాడు.

“అయిపోయిందా? చారు పొయ్యి” అన్నాడు.

ఆ తర్వాత ఆ సంగతి ఎత్తితే అంతే, కళ్లు మూసుకునేవాడు. ఎప్పుడూ చెయ్యే ముందు లేచిన మనిషి, నన్ను ఒక్క దెబ్బ కొట్టి ఉంటే ఈ రాత్రి నేను నిద్రపోయేదాన్నేమో.

నాలుగో రోజు అలా వెళ్లి చెప్పే ధైర్యం నాకు ఊరికే రాలేదు. జరిగిన మర్నాటి పొద్దున ఇంట్లో ఒకటి చూశాను. బియ్యం కడుగుతుంటే ముందు గదిలోంచి బాబు ఏడుపు. వెళ్లి చూస్తే అమ్మాయి వాడికి వాళ్ల పప్పా నల్లకళ్లద్దాలు పెట్టింది. గోడ మూలకు నెట్టి చపాతీ కర్రతో కొడుతోంది. ఆటకు కొట్టే దెబ్బలు కావు. వాడి మోచెయ్యి వాచింది. నువ్వే చాలు చేసినవ్, నువ్వే చాలు చేసినవ్ అంటోంది. ఏడేళ్ల పిల్ల. నా వేలు స్విచ్ మీద ఉండటం కళ్లారా చూసిన పిల్ల. నాలుగేళ్లవాడు రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకుని, నేను నొక్కలే, నేను నొక్కలే అంటున్నాడు.

కర్ర లాక్కున్నాను. అమ్మాయి నా వైపు చూసింది. అందులో భయం లేదు. నేను ఏం చెబుతానా అని ఎదురుచూపు. సింకు దగ్గర మా ఆయన బ్రష్ నోట్లో పెట్టుకుని నిలబడ్డాడు, కుళాయి తిప్పి ఉంది, నీళ్లు పోతున్నాయి. ఆయన చెంప మీద కాక చేతి వాపు ఇంకా ఉంది. నేను ఇద్దరు పిల్లల ముందూ కూర్చున్నాను. బాబు ముఖం మీది కళ్లద్దాలు తీశాను. నిన్న స్విచ్ వేసింది ఆ అంకుల్ కాదని చెప్పాను. కాకతాత కూడా వెయ్యమనలేదని, ఆయన చాలన్నాడని, అంటే ఆపమన్నాడని, నేను తప్పు విన్నానని చెప్పాను. ఆ అంకుల్‌ని అందరూ కొడుతుంటే కిటికీలోంచి చూస్తూ కూడా నేను మాట్లాడలేదని చెప్పాను. కుళాయి ఆగింది.

బాబు ముక్కు తుడుచుకుని వెనక్కి తిరిగి వాళ్ల పప్పాను చూశాడు, మళ్లీ నన్ను చూశాడు.

“మరి పప్పా నిన్ను కొడ్తడా?”

“ఏమో నాన్నా” అన్నాను. “కొట్టినా కొట్టకున్నా, నొక్కింది నేను.”